ఏటి ఒడ్డున నాలుగు బెంచీలు

మంచిర్యాల జిల్లా జైపూర్ మండలంలో గోదావరి వెంట వరసగా ఊళ్లే: ఇందారం, శెట్‌పల్లి, వేలాల, శివ్వారం, పౌనూర్. ఎగువన అవతలి ఒడ్డు మీద రామగుండం, గోదావరిఖని. 2011 జనాభా లెక్కల నాటికే 2 లక్షల 29 వేలు దాటిన బొగ్గు పట్నం అది. రెండు ఒడ్లనూ ఒక బ్రిడ్జి కలుపుతుంది. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి కనుక ఘాట్లు, పార్కులు, పడవ షికార్లు అనే మాటలు ఈ ఒడ్డున మళ్లీ మొదలయ్యాయి. ఒక ఇంట్లో అవే మాటలు వాదంలోకి దిగాయి. మామ శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబాయిల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. మేనకోడలు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తుంది. ఇద్దరూ కల్పితులే. మాటలు మాత్రం జైపూర్ చౌరస్తాలో చాయ్ తాగే ఎవరైనా వినేవే. ఇలాంటి వాదాల్లో మామూలుగా పెద్దవాళ్లు ఉన్నది ఉండనిమ్మంటారు, చిన్నవాళ్లు కొత్తది కట్టాలంటారు. ఈ ఇంట్లో అది తిరగబడింది.

మామ: నాకు పెద్ద ఆశలేం లెవ్వు బిడ్డా. బ్రిడ్జి కాడ ఏటిల దిగనీకి ఒక దారి, నాలుగు చెట్లు, కూసోనీకి నాలుగు బెంచీలు, పిలగాండ్లకు ఒక పడవ. గంతే. మొదటి షిఫ్టుకు చీకట్ల లేచి పోతుంటిమి. బాయిల క్యాప్ ల్యాంపు వెలుగు ఎంత దూరం పడితే గంతే లోకం. గసొంటి మనిషి రిటైరైనంక ఇంత ఆకాశం చూసుకుంట కూసుంటనంటే జాగ లేదు. ఇంట్ల టీవీ, బయట బెల్టు షాపు. ఈ రెండిట్ల ఏది పట్టుకోమంటవు?

కోడలు: నువ్వు బెంచీ అడుగుతవు, వాళ్లు రివర్ ఫ్రంట్ ఇస్తరు. అహ్మదాబాద్‌ల సబర్మతికి గట్లనే ఇచ్చిన్రు. రెండు దిక్కుల పదకొండు కిలోమీటర్లకు పైన గోడ లేపి 2012ల తెరిచిన్రు. అందుల నిండుగ కనవడే నీళ్లు ఆ ఏటివి కావు, నర్మద కాలువకెల్లి తెచ్చి నింపినయి. సిమెంటు గట్టు, రంగు లైట్లు, మధ్యల శిలాఫలకం. మనకు సుత గదే నకలు వస్తది. నీ నాలుగు చెట్లు అంచనాల ఉంటయి, ఒడ్డు మీద ఉండయి.

మామ: నీకు ముందే అనుమానం. ఇంక కట్టనే లేదు, కూలిందంటవు.

కోడలు: కట్టకముందే అడగాలె మామా. కట్టినంక అడిగితే ఏమైతదో 2022 జులైల చూడలేదా? మంచిర్యాలల ఏటి ఒడ్డు కాలనీలు మునిగినయి. ఒడ్డు మీద కట్టిన మాతా శిశు ఆసుపత్రిలకు నీళ్లొస్తే పచ్చి బాలింతలను, పసికందులను వేరే దావఖానకు తరలించిన్రు. ఏరు ఎక్కడిదాక వస్తదో ఊళ్లె ముసలోళ్లకు ఎరుకే. కట్టేటప్పుడు వాళ్లను అడిగినోడు లేడు.

మామ: నీళ్ల భయం నాకు చెప్తున్నవా? 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిల నీళ్లు దూకి 17 మంది పోయిన్రు. ఆ ముచ్చట తెలిసిననాడు ఈ ఒడ్డున సుత ఏ ఇంట్ల పొయ్యి వెలగలే. నీళ్లను తక్కువ చేసి చూసేటోణ్ణి కాదు నేను. అయినా ఏటి పక్కన కూసోవాలనే అంటున్న. భయపడి దూరంగ ఉండమంటే ముప్పై ఏండ్లు బాయిల దిగెటోడు ఎవడు?

ఇక్కడ ఆమె కాసేపు మాట్లాడలేదు. ఆ 17 ఈ ప్రాంతంలో వాదానికి వాడే సంఖ్య కాదు. మామ కూడా దాన్ని వాదం గెలవడానికి తేలేదని ఆమెకు తెలుసు.

కోడలు: సరే. మరి పడవ ఎక్కడ తిప్పుతవు? కిందికి పోతే శివ్వారం. 1978లనే అభయారణ్యం అని ప్రకటించిన్రు. ముప్పై చదరపు కిలోమీటర్ల లోపే, చిన్నది. ఎల్ మడుగుల మొసళ్లుంటయి, మగ్గర్ జాతి. ఎండకాలం మొదట్ల ఆడమొసలి నీళ్లకు జర ఎత్తుల ఉన్న ఇసుక ఒడ్డున గుంత తవ్వి గుడ్లు పెట్టి కప్పుతది. ఆ దగ్గర్లనే కావలి ఉంటది. పిల్లలు గుడ్లల్ల నుంచి బయటికొచ్చే యాళ్లకు లోపల్నుంచి చేసే సప్పుడు విని ఇసుక తవ్వి, నోట్ల పెట్టుకొని నీళ్లల్ల విడుస్తది. దానికి కావాల్సింది రెండే: కదలని ఇసుక, లొల్లి లేని ఒడ్డు. నీ పడవ, దాని ఇంజను, ఆ పడవల పెట్టే పాటలు ఈ రెండూ లేకుంట చేస్తయి.

మామ: శివ్వారం కాడ తిప్పుమని నేనన్ననా? బ్రిడ్జి కాడ అన్న.

కోడలు: బ్రిడ్జి కాడ మొదలుపెట్టినోడు శివ్వారం కాడ మొసళ్లను చూపిచ్చి టికెట్ అమ్మకుంట ఉంటడా?

మామ: అది నిజమే అనుకో. అయితే బిడ్డా, ఏరును ముట్టుకోవద్దని నువ్వంటే నాకు నవ్వొస్తది. మేము ముట్టుకోనిదెన్నడు? బాయి లోపల ఉన్నది సుత గోదారే. బొగ్గు తీసినంక ఆ జాగ ఖాళీగ విడిస్తే పైకప్పు కూలుతది, పైన భూమి కుంగుతది. అందుకని ఏటి ఇసుక తెచ్చి నింపుతరు. స్టోయింగ్ అంటరు దాన్ని. ఒడ్డుకెల్లి ఇసుక బంకర్లకు వస్తది. అక్కడ నీళ్లల్ల కలిపి పైపుల గుండ కిందికి విడుస్తరు. కింద మేము వెదురు తడికెలు కట్టి, గోనెపట్టా అడ్డం పెట్టి ఉంచుతం. పైపు మూతికెల్లి ఇసుకనీళ్లు దూకుతయి. ఇసుక తడికె ఎనక పేరుకుంటది, నీళ్లు గోనెల నుంచి ఊరుకుంట మోరీల పడి పంపు కాడికి పోతయి. ఒక్కోపాలి ఆ ఇసుకల నత్తగుల్లలు దొరికేటివి. భూమి కింద వందల అడుగుల లోతుల, దీపం వెలుగుల, ఏటి నత్తగుల్ల చేతుల పట్టుకొని చూసిన మనిషిని నేను. నాకు ఏరు మీద హక్కు లేదంటవా?

కోడలు: హక్కు లేదని ఎవలన్నరు? ఆ ఇసుక ముచ్చట్ల ఇంకో సగం ఉన్నది, అది నేను చెప్త. ఇసుకకు కటకట వచ్చినంక కంపెనీ ఏం చేసింది? ఓపెన్ కాస్టుల తీసి కుప్పపోసిన మట్టిల ఇసుకరాయి ఉంటది గద, దాన్ని పొడిచేసి కడిగి స్టోయింగ్‌కు పనికొచ్చే ఇసుక చేసుకుంటున్నది. ఏరును గోకకుంట సుత బాయి నడుస్తదని తేలింది. బొగ్గు తవ్వేటోళ్లకు తెలిసిన ఆ తెలివి షికారుకు పోయేటోళ్లకు ఉండొద్దా?

(మామ ఇందుకు జవాబు చెప్పలేదు. జవాబు లేనప్పుడు చరిత్రలోకి వెళ్లడం ఆయన అలవాటు. ఆ అలవాటు వల్ల వినేవాళ్లకు నష్టమేమీ లేదు.)

మామ: నీకు ఈ జాగ చరిత్ర చెప్త. 1871ల విలియం కింగ్ అనే దొర ఇల్లెందు కాడ బొగ్గు చూసిండు. 1886ల హైదరాబాద్ డెక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకున్నది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అని పేరు పడ్డది. బెల్లంపల్లి, కొత్తగూడెం అయినంక, 1960ల దిక్కు గోదారి ఒడ్డుకొచ్చింది. ఇగ బొగ్గు ఉన్నది, పక్కనే నీళ్లున్నయి, ఎవడు ఊకుంటడు? 1971ల రామగుండం బీ థర్మల్. 1978 నవంబరుల మొరార్జీ దేశాయ్ వచ్చి ఎన్టీపీసీకి పునాది రాయి వేసిండు. 1980ల ఎరువుల ఫ్యాక్టరీ, 1999ల దానికి తాళం, మళ్ల 2021ల పొగ. మన జైపూర్‌ల సింగరేణి 1,200 మెగావాట్ల కరెంటు ప్లాంటు, 2016 ఆగస్టుల జాతికి అంకితం చేసిన్రు. గజ్వేల్‌ల బటన్ ఒత్తితే జైపూర్‌ల అంకితమైంది! అన్నీ ఈ నీళ్ల మీదనే. 2015 నుంచి ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు హైదరాబాద్ తాగుతున్నది. బొగ్గు పోయింది, కరెంటు పోయింది, నీళ్లు పోయినయి.

కోడలు: డైనోసార్ బొక్కలు సుత పోయినయి మామా. వేమనపల్లి దిక్కు దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ల నిలవడి ఉన్నది. మా పిల్లలకు చూపియ్యాలంటే బస్సు మాట్లాడుకొని పోవాలె. ప్రాణహిత, గోదావరి కలిసే ఈ లోయల 350 కిలోమీటర్ల పొడుగున బొగ్గున్నది, కోట్ల ఏండ్ల నాటి బొక్కలున్నయి. ఇక్కడ చూసుకోనీకి ఒక గది లేదు.

మామ: అగో, నువ్వే నా తొవ్వకు వచ్చినవు! అన్ని పోయినంక మిగిలింది ఏంది? ఏటి గాలి. దానికి నాలుగు బెంచీలు అడిగితే తప్పేంది?

కోడలు: తప్పు లేదు. ఎవలు కూసుంటరనేదే నా ప్రశ్న. నీ కాలంల ఆటపాటలు లెవ్వా? క్లబ్బులుండె, గోదావరిఖని స్టేడియం ఉండె, వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పేరుమీద కబడ్డీ, వాలీబాల్ పోటీలుండె. అందుల ఆడోళ్లు ఎక్కడున్నరు?

మామ: బతుకమ్మ లేదా? రెండేండ్లకోపాలి ఏటి ఒడ్డున సమ్మక్క సారలమ్మ జాతర లేదా? శివరాత్రికి వేలాల గట్టు మల్లన్న జాతర లేదా? గోదాట్ల తానం చేసి గుట్ట ఎక్కుతరు, ఆడోళ్లే ముందు.

కోడలు: అవన్ని దేవుని పేరు మీద వచ్చినయి. దేవుని పేరు లేకుంట ఒక ఆడమనిషి ఊకెనే పొద్దుగూకినంక ఏటి కాడికి పోయి కూసున్న రోజు ఒకటి చెప్పు.

మామ: (కొద్దిసేపాగి) మీ అత్త పుష్కరాలకు తప్ప ఎన్నడు రాలే.

కోడలు: అత్తను తీసుకపోయినవా మరి?

మామ: అప్పటి కాలం వేరే. ఎనభైలు, తొంభైలు. సికాస కార్మిక సంఘం, పోలీసులు, ఎన్‌కౌంటర్లు. పొద్దు మునిగితే షట్టర్లు పడేటివి. ఏటి ఒడ్డున కూసున్నోణ్ణి ఈ దిక్కోడు అడుగుతడు, ఆ దిక్కోడు అడుగుతడు, ఇక్కడేం పని అని. 1981ల 56 రోజుల సమ్మె చేసిన ఊళ్లు ఇవి. మీటింగు పెట్టుకునుడు ఎరుక, ఊకెనే కూసునుడు ఎరుక లేదు మాకు.

ఈ సంవాదంలో నాకు గట్టిగా తగిలిన మాట ఇదే. బొగ్గు బెల్టులో కార్మికుడి ఖాళీ సమయాన్ని కొంత కంపెనీ నడిపింది, కొంత సంఘం నడిపింది, మిగిలింది సారా నడిపింది. ఏ పనీ లేకుండా, ఎవరి అనుమతీ లేకుండా కూర్చునే చోటు ఎవరి లెక్కలోకీ రాలేదు. లక్ష దాటిన కార్మికులు ఈనాడు 40 వేల దరిదాపుల్లోకి వచ్చారు. క్వార్టర్లు ఖాళీ అవుతున్నాయి, క్లబ్బుల్లో క్యారమ్ బోర్డుల చుట్టూ జనం పలచబడ్డారు. రిటైరైనవాళ్లే ఇప్పుడు ఊరికి పెద్ద జనాభా. వాళ్ల పింఛను రిటైరైన రోజు ఎంతో ఇవాళా అంతే. డబ్బు పెట్టి వినోదం కొనుక్కునే శక్తి వాళ్లకు లేదు. అందుకని మామ అడిగే బెంచీని నేను షోకు కింద కొట్టేయలేను. కోడలి మాట ఇంకా పూర్తి కాలేదు.

కోడలు: సుందిళ్ల బ్యారేజీ నిండిననాడు, 2019 తర్వాత, బ్రిడ్జి మీద బండ్లు ఆపుకొని ఫోటోలు దిగిన్రు జనం. నువ్వు సుత పోయినవు.

మామ: పోయిన. ఎండకాలంల చెలిమె తవ్వి నీళ్లు ముంచుకున్న ఏరు అది. గసొంటిది మే నెలల ఒడ్డులు ఒరుసుకుంట ఉంటే కండ్లు చాలలే. చచ్చిపోయిన మనిషి లేచి కూసున్నట్టుండె.

కోడలు: తర్వాత? 2023 అక్టోబరుల మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగినయి. అన్నారం, సుందిళ్ల సుత ఖాళీ చేసిన్రు. మళ్ల ఇసుక తేలింది. ఆ నాలుగేండ్ల నీళ్లను చూసి అక్కడ పడవల రేవు కట్టి ఉంటే, ఇయ్యాల ఇసుకల పడవ ఉండు. నిండితే మొసళ్ల ఇసుక మునుగుతది, వదిలితే నీ రేవు ఎండుతది. ఈ ఏటి నీళ్ల మట్టం ఇప్పుడు వాన చేతుల లేదు, గేటు చేతుల ఉన్నది. గేటు ఎవల చేతుల ఉన్నదో వాళ్లతోని తేల్చుకోకుంట ఒడ్డున ఏం కట్టినా దండుగే.

మామ: పడవ వద్దు పో. బెంచీ సంగతి చెప్పు.

కోడలు: బెంచీ మీద కూసుంటే ఏం వాసన వస్తదో ముందు అది చెప్పు.

మామ నవ్వాడు. మోరీ వాసన దాచేది కాదు. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 కలుషిత నదీభాగాలను గుర్తిస్తే, తెలంగాణ నుంచి ఆ పట్టికకెక్కిన నదుల్లో గోదావరి కూడా ఉంది. ఒడ్డున ఉన్న పట్నాల మురుగు చివరికి చేరేది ఏటిలోకే.

కోడలు: జర్మనీల రూర్ అని బొగ్గు ప్రాంతం ఉన్నది. అక్కడ ఎమ్షర్ అనే ఏరు వందేండ్లు ఊరి మోరీ లెక్క పారింది. ఎందుకో ఎరుకనా? కింద బొగ్గు తవ్వితే పైన భూమి కుంగుతుండె. మురుగు పైపులు భూమిల వేస్తే పలుగుతయని, మురుగంత ఏట్లనే వదిలిన్రు. బాయిలు ఆ చుట్టుముట్టు బందైనంక 1992ల పని షురూ చేసిన్రు. 51 కిలోమీటర్ల పెద్ద మురుగు సొరంగం భూమిల తవ్విన్రు. 2021 ఆఖరుకు ఏట్ల మురుగు కలువుడు బందైంది. ఒడ్డున సైకిల్ తొవ్వలు, చెట్లు, బెంచీలు ఆ పని వెంబడే వచ్చినయి. బొగ్గు మనుషులే వాళ్లు సుత. ముందు పైపు, ఆ తర్వాత బెంచీ.

మామ: వాళ్లకు ఎన్నేండ్లు పట్టింది?

కోడలు: ముప్పై.

మామ: నాకు గన్నేండ్లు లెవ్వు బిడ్డా.

మళ్లీ మౌనం. ఇది ఉత్త సెంటిమెంటు అని తోసేయడానికి లేదు. ఊపిరితిత్తుల్లో బొగ్గు ధూళి నింపుకున్న తరాన్ని ఇంకో ముప్పై ఏళ్లు ఆగమనడం చదువుకున్నవాళ్లకు తేలిక.

కోడలు: (గొంతు తగ్గించి) నేను ఆగుమంటలేను. పైసలు ఎక్కడివో చెప్త విను. 2015 చట్టంతోని జిల్లా ఖనిజ నిధి అని వచ్చింది. గని తవ్వినందుకు కట్టే రాయల్టీ మీద ఇంకింత వాటా ఆ నిధిల పడాలె. అది గని ప్రభావం ఉన్న ఊళ్లకే ఖర్చు పెట్టాలె. తాగునీళ్లు, పారిశుధ్యం, పర్యావరణం ముందు వరసల ఉన్నయి. మురుగు శుద్ధికి, మోరీ మళ్లింపుకు అడగొచ్చు. ఘాటుకు పుష్కరాల పైసలొస్తయి, మోరీకి రావు. మోరీ ముచ్చట మనమే ఎత్తాలె.

మామ: ఘాటు వద్దంటవా అయితే?

కోడలు: ఘాటు కావాలె. 2015 పుష్కరాల మొదటి రోజు రాజమండ్రిల తొక్కిసలాట జరిగి 27 మంది పోయిన్రు. మన దిక్కు సుత జనం వస్తరు. మెట్లు వెడల్పుగ, పోయే తొవ్వ ఒకటి, వచ్చే తొవ్వ ఒకటి ఉండాలె. ఆడోళ్లకు బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు ఉండాలె. అవి పన్నెండు రోజులైనంక తాళం పడే రేకుల డబ్బాలు కావద్దు, యాడాదంత తెరిచే ఉండాలె. అప్పుడు పుష్కరం పోయినంక సుత అత్త వచ్చి కూసుంటది.

మామ: మరి చెట్లు?

కోడలు: సిమెంటు గొడుగులు వద్దు, చెట్లే పెట్టుమను. తెల్లమద్ది, కానుగ, నేరేడు. వరద వచ్చి పోయినా నిలిచేటివి.

మామ: బెంచీలు 2022 వరద గుర్తుకు పైన వేయమను. నేను చూపిస్త ఆ గుర్తు ఎక్కడున్నదో. ఇంజినీరుకు మ్యాపుల దొరకకుంటే నన్ను పిలువమను.

కోడలు: శివ్వారం దిక్కు ఏం కట్టొద్దు.

మామ: ఏం కట్టొద్దు. మొసలి సుత రిటైరైనట్టే అనుకో, దాన్ని కూసోనీయి.

ఇక్కడికి వాదం సగం తెగింది. మిగిలిన సగం పడవ. దాన్ని మామ పూర్తిగా వదిలాడని నేను నమ్మను. మనవడికి మాట ఇచ్చి ఉన్నాడు.

నా తీర్పు అడిగితే, వరసలో కోడలిది ఒప్పు, తొందరలో మామది ఒప్పు. మోరీ మళ్లించే పని, చెట్లు నాటే పని ఒకేసారి మొదలుపెట్టవచ్చు. రెండోది ఆగడానికి మొదటిది సాకు కాకూడదు, మొదటిది ఎగ్గొట్టడానికి రెండోది ముసుగు కాకూడదు. పుష్కరాల అంచనాలు తయారుచేసే ఇంజినీర్లకు, వాటి మీద సంతకాలు పెట్టే అధికారులకు ఒక మనవి: ఇందారం నుంచి పౌనూర్ దాకా ఏటి వెంట ఒకసారి నడవండి. పక్కన ఒక రిటైరైన బాయి మనిషిని, ఆ ఊరి ఆడవాళ్లిద్దరిని తీసుకుని నడవండి. మోరీలు ఎక్కడెక్కడ ఏటిలో కలుస్తున్నాయో రాసుకోండి, వరద గుర్తులు రాసుకోండి, శివ్వారం హద్దు రాళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. అంచనా ఆ తర్వాత వేయండి.